చీపురు కర్ర కింద తల

మా అల్లుడు గార్త్ ఎంత పొడవంటే, ధాన్యం కొట్టు దగ్గర పట్టాల పక్కన అతను నిలబడితే రైలువాళ్ళు సిగ్నల్ స్తంభమనుకుని బండి ఆపేవాళ్ళు. ఇది నేను చెప్పే మాట. మీరు నమ్మకపోయినా ఫరవాలేదు, మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. నేను చెప్పేదాంట్లో సగం పారేసి, మిగిలిన సగం చల్లార్చుకుని తినమని మా ఆవిడ బతికున్న రోజుల్లో వచ్చినవాళ్ళందరికీ చెబుతూ ఉండేది. కాని ఈ కథలో గార్త్ పొడవే అసలు చిక్కు. అది కొలిచి చూసిన నిజం. కొలిచింది నేనే, చీపురు కర్రతో.

నా పేరు లూమిర్. నా చదువు మా పల్లెలో ఒంటిగది బడిలో, ఎనిమిదో ఎక్కం దాకా. తొమ్మిదో ఎక్కం మొదలుపెట్టిన రోజే మా నెబ్రాస్కా గాలి వచ్చి బడిని బల్లలతో, పిల్లలతో, పంతులమ్మతో సహా ఎత్తి పక్క జిల్లాలో దింపింది. మాకు వచ్చిన ఎనిమిది ఎక్కాలూ మాతో వచ్చాయి, తొమ్మిదోది పాత చోటే ఉండిపోయింది. అందుకే ఇప్పటికీ నాకు తొమ్మిదో ఎక్కం రాదు.

పొలం కౌలుకిచ్చాక శని ఆదివారాలు నాకు వేరే పని దొరికింది. మా ఊరికి పడమట యుద్ధం నాటి విమానాల మైదానం ఒకటుంది. విమానాలు పోయాక దాన్ని కార్లు తోలే ట్రాక్‌గా మార్చారు. అక్కడ పందెం లేదు, బహుమతి లేదు. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుంటారు, పక్కన నేర్పేవాళ్ళను కూచోబెట్టుకుంటారు, రోడ్డు మీద తోలితే జైల్లో పెట్టే వేగంతో రోజంతా తోలుతారు, సాయంత్రం అదే కారులో ఇంటికి పోతారు. పొద్దున్నే వాళ్ళ కార్లు చూసి పంపేది నేను. చక్రాల బోల్టులు బిగించి చూస్తాను, బ్రేకులు చూస్తాను, సీటు కింద దొర్లే సీసాలూ చిల్లరా ఏరి బయటపెడతాను. పైకప్పు లేని కారైతే చీపురు కర్ర తీస్తాను.

ఆ కర్ర సంగతి ముందే చెప్పాలి. పైకప్పు లేని కారులో తోలేవాడి తల వెనక లావుపాటి ఇనప కమాను ఒకటి బిగిస్తారు. కారు తలకిందులైతే బరువంతా ఆ కమానూ, ముందు అద్దం పై అంచూ మోస్తాయి. అందుకని ఆ రెండింటి మీదా అడ్డంగా కర్ర వేస్తాను. హెల్మెట్ పెట్టుకుని కూచున్నవాడి తల ఆ కర్రకు రెండు వేళ్ళు కిందుండాలి. ఉంటే పో అంటాను. లేకపోతే లేదు.

మా ట్రాక్‌లో ఇది ఊరికే పెట్టిన నియమం కాదు. తారు అయిపోయిన చోట మొక్కజొన్న చేలు మొదలవుతాయి. కారు అడ్డంగా జారి మెత్తటి దుక్కిలోకి పోయిందంటే చక్రం దిగబడుతుంది, కారు బోర్లా పడుతుంది. ఈత చెట్టు మీద ఉల్లిపాయలు కాయించిన నోరు నాది, కాని ఈ మాటలో మాత్రం ఒక్క గింజ కూడా కలపలేదు.

ఇక గార్త్ సంగతి. మా అమ్మాయి జోలీన్‌ని చేసుకున్నప్పటి నుంచీ ధాన్యం కొట్టులో పని. కిందటేడు చలికాలం చివర రేకు గాదెలో అట్టకట్టిన మొక్కజొన్నను గడతో పొడవడానికి దిగాడు. పైకి గట్టిగా కనపడ్డ మొక్కజొన్న లోపల బోలుగా ఉంది. అది విరిగి అతన్ని గడ్డం దాకా మింగింది. గాదె రేకులు కోసి, గింజలు బయటికి పారించి, అతన్ని పైకి తీసేసరికి పొద్దు వాలింది. దీన్ని గురించి నేను ఎక్కడా పెంచి చెప్పలేదు. పెంచడానికి అందులో చోటు లేదు.

ఎముకలు అతుక్కున్నాయి. మనిషి అతుక్కోలేదు. మూసిన తలుపూ నెత్తి మీద కప్పూ రెండూ ఒకేసారి ఉన్న చోట అతను నిలవలేకపోయేవాడు. చలిలో కూడా వరండాలోనే పడక. ట్రక్కు తోలితే వానలో కూడా అద్దాలు దించే ఉండాలి. కొట్టులో అతన్ని బయట తూకం దగ్గరికి మార్చారు. నవ్వడం మానేశాడు. మాట్లాడితే మాట్లాడేవాడు, లేకపోతే లేదు.

ఒక శనివారం ఊరికే తోడు రమ్మని ట్రాక్‌కి తీసుకుపోయాను. అక్కడ నేర్పేవాళ్ళకు పెద్ద మార్వా. రిటైరైన నర్సు, గొంతు ట్రాక్టర్ గొంతు. అతన్ని చూసి, "ఈ పొడుగాయన ఖాళీగా నిలబడి నీడ పాడు చేస్తున్నాడే, రావయ్యా," అని తన పైకప్పు లేని కారులో ఎక్కించుకుని నాలుగు చుట్లు తిప్పింది. దిగేటప్పటికి గార్త్ నవ్వుతున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. వెంటనే జోలీన్‌కి ఫోన్ చేసి చెప్పాను.

"నిజమేనా నాన్నా? నీ కథల్లో ఒకటి కాదు కదా?"

"మార్వాని అడుగు, నన్ను నమ్మకపోతే."

అలా ఇంట్లో నిర్ణయమైపోయింది. గార్త్‌కి ఒక కారు కొనాలి. పెద్ద కారు కాదు, ఇద్దరి జీతాలు తట్టుకునేది. అతనికి ఆ నవ్వు కావాలి, మాకు అతను కావాలి.

కారు ఎంచే పని నాకు అప్పగించారు. ట్రాక్‌కి కారు కొనేవాడికి నేను చెప్పేది ఒకటే. దాన్ని చేలో పోగొట్టుకుని కూడా ఏడవకుండా ఇంటికి రాగలవా? రాగలిగితే కొను. ఇంకోటి, కొన్న ధర ధర కాదు. ట్రాక్ మీద కారు టైర్లు తింటుంది, బ్రేకులు తింటుంది. బరువైన కారు ఎక్కువ తింటుంది.

మొదట చూసింది ఒక రైతు కొట్టంలో. పెద్ద ఇంజను, పొడుగు ముక్కు, ఎర్ర రంగు. తాళం తిప్పితే కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసేంత మోత. అమ్మేవాడు గార్త్‌ని ఎగాదిగా చూసి, "నీకు సరిపడే కారు ఈ జిల్లాలో ఇదొక్కటే బాబూ," అన్నాడు.

"సరిపోవడం సరే, మేపేదెవరు?" అన్నాను. "ఇది పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి ఒక జత బ్రేకులు నమిలేసి, సాయంత్రానికి టైర్లు అడుగుతుంది. అల్లుడూ, ఇంతకన్నా రెండు ఎద్దుల్ని పెంచుకో, అవి కనీసం పేడ వేస్తాయి."

పైన ఇనప కప్పు ఉండటంతో గార్త్ లోపలికి వంగి కూడా చూడలేదు.

రెండోది లూథరన్ చర్చిలో ఆర్గాన్ వాయించిన ఒక ముసలమ్మ కారు. ఆవిడ పోయింది, మేనల్లుడు అమ్ముతున్నాడు. జపానువాళ్ళు చేసిన నాలుగు తలుపుల కారు, గోధుమ రంగు, లోపలంతా పిప్పర్‌మెంట్ వాసన. ఎవరూ రెండోసారి చూడని కారు. కాని కింద దూరి చూశాను, తుప్పు లేదు. తేలిక. విడి భాగాలు ఏ పట్నంలో అడిగినా చవగ్గా దొరుకుతాయి. నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి కారు నేనెరగను. గట్టి కప్పు నెత్తి మీద ఉంది, గార్త్ తలకి ఇంకా బెత్తెడు చోటుంది.

"కూచో అల్లుడూ."

కూచున్నాడు. మేనల్లుడు మర్యాదకి తలుపు వేశాడు. గార్త్ చెయ్యి వెంటనే తలుపు పిడి మీదికి పోయింది. ముఖం బూడిదలా అయింది. తలుపు తీసుకుని దిగి, కంచె దాకా నడిచి, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"ఎలా ఉంది?" అని అడిగాడు మేనల్లుడు, ఏమీ తెలీక.

"సీటు బాలేదు," అన్నాడు గార్త్.

మూడోదాన్ని అతనే వెతికి పట్టుకున్నాడు. అదీ జపానుదే. రెండే సీట్లు, పైకప్పు మడిచేస్తే ఆకాశమే కప్పు. పాలిపోయిన పచ్చ రంగు, చిన్న ఇంజను. టైర్లు చవక, బ్రేకులు చవక. మా ట్రాక్‌లో సగం మంది తోలేది అదే. మామూలు మనిషికైతే నేనే వెళ్ళి కొనిపెట్టేవాణ్ణి.

గార్త్ అందులోకి దిగాడు. మోకాళ్ళు స్టీరింగుకి చెరో పక్కా పైకి లేచాయి. తల ముందు అద్దం మీదుగా బయటికి వచ్చింది.

"కూచున్నావా, తొడుక్కున్నావా?" అన్నాను.

అతను నవ్వాడు. ఆ ఏడాదిలో అది రెండోసారి. జోలీన్ నా మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా.

"అల్లుడూ, నీ తల కర్ర కింద పట్టదు."

"సీటు దించుతా మామా."

"దించితే నేల తగుల్తుంది."

"స్పాంజి తీసేస్తా. నేల మీదే కూచుంటా."

"అప్పుడు కూడా మిగుల్తావు."

"నీ కథలో పాము ఎంత పొడుగు మామా? మీ నాన్న ట్రాక్టరు ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా కదూ?"

"అది పాము. ఇది నీ మెడ."

"మా పెళ్ళినాడు చెప్పినప్పుడు అది కాలవకి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఉంది," అని తాళం చెవి అందుకున్నాడు.

కొనేశారు. నేను వారం ఆగి ఆ ముసలమ్మ కారు కొనుక్కున్నాను. నా ట్రక్కు పాతబడిందని జోలీన్‌కి చెప్పాను. "పిప్పర్‌మెంట్ వాసన కోసం కొన్నావా?" అంది. ఔనన్నాను.

ఆ వేసవంతా గార్త్ షెడ్డు తలుపులు బార్లా తీసుకుని పచ్చ కారు మీదే ఉన్నాడు. సీటు పీకేశాడు. సన్నటి చాప లాంటిది పరిచి, ఒక వీపు పలక బిగించాడు. దొరికినంత ఎత్తు కమాను తెచ్చి వేశాడు. కాని కమాను ఎంత ఎత్తు పెంచితే ఏం, కర్ర రెండో కొస ఆనేది ముందు అద్దం మీద. అద్దాన్ని పెంచలేడు కదా.

ఒక సాయంత్రం నేను పోయేసరికి అతను హెల్మెట్‌తో కారులో ఉన్నాడు. జోలీన్ ఇంటి చీపురు తెచ్చి అడ్డంగా పట్టుకుని ఉంది.

"చూడు నాన్నా, కర్ర కింద పట్టాడు," అంది.

పట్టాడు. ఎలా పట్టాడో కూడా చూశాను. నడుము ముందుకి జార్చి, మంచం మీద పేపరు చదివేవాడిలా వెల్లకిలా పడి ఉన్నాడు. కటి ఎముక మీద ఉండాల్సిన బెల్టు పొట్ట మీదికెక్కింది.

"ఇలా తోలతావా?"

"హాయిగానే ఉంది."

"దేన్నైనా గుద్దితే బెల్టు కిందనుంచి సబ్బుబిళ్ళలా జారతావు. అది పొట్టని కోసేస్తుంది. బోర్లా పడితే తల ముందు పోతుంది. నడుము వెనక్కి పెట్టి కూచో, చూద్దాం."

కూచోలేదు. హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. "మామా, నువ్వు భయపెట్టాలనుకుంటే ఇంకాస్త బాగా పెంచి చెప్పాలి. ఇది మరీ చప్పగా ఉంది," అని ఇంట్లోకి పోయాడు.

ఇంట్లోకి. వరండాలో ఆగలేదు. నేను జోలీన్ వంక చూశాను.

వంటింట్లో నాకు కాఫీ పోసి, ఆల్‌బుకారా గుజ్జు పెట్టిన కొలాచీ బన్నులు ముందు పెట్టి, అప్పుడు చెప్పింది. గార్త్ లోపల పడుకుంటున్నాడు. కిటికీలూ గది తలుపూ తెరిచే, కాని లోపల, మంచం మీద. పచ్చ కారు వచ్చిన వారం నుంచీ.

"పొద్దున లేచి ట్రాక్ గురించి మాట్లాడతాడు నాన్నా. మలుపులు బల్ల మీద గీసి చూపిస్తాడు. ఆ గీతలు తుడవబుద్ధి కాలేదు, చూడు."

బల్ల మీద పెన్సిలు గీతలున్నాయి, కాఫీ మరక మీదుగా.

"మంచిదే కదా," అన్నాను.

"అతన్ని పంపించేయ్. ఈ శనివారం, తనిఖీలో."

"కర్ర కింద పడితే నేనేం ఆపుతానా?"

"పడకపోతే అంటున్నా." నా ఎదురుగా కూచుంది. ముఖం వాళ్ళమ్మది. "ఎన్నేళ్ళుగా నువ్వు కప్పని దూడంత చేసి చెప్పలేదు? దూడని చర్చంత చేశావు. ఒక్క మనిషి తల రెండు వేళ్ళు తగ్గించి చెప్పలేవా?"

కొలాచీ సగం తిని మిగతాది పళ్ళెంలో వదిలేశాను. నేను కొలాచీ వదలడం ఆ వంటింట్లో ఎవరూ చూసి ఉండరు.

"బోర్లా పడితే?" అన్నాను.

"పడకపోతే?" అంది. "అందరూ పడతారా? అతను గాదెలో పడితే నువ్వూ నేనూ పైన నిలబడి చూశాం. మళ్ళీ అతను ఆ వరండాలోకి పోతే నేను చూడలేను నాన్నా. ఏదో ఒకదాన్ని నేను చూడలేను, ఏదన్నది నువ్వే ఎంచు."

కోపంగా అనలేదు. గిన్నె కడుగుతూ అంది.

ఆ శనివారం గాలి లేదు. గాలి లేని రోజు మాకు నచ్చదు, ఎక్కడో ఏదో దాచిపెట్టుకుంటోందనిపిస్తుంది. నేను ముసలమ్మ కారులో పోయి తనిఖీ షెడ్డు పక్కన ఆపాను. కార్లు వరసగా వచ్చాయి, తలుపుల మీద నీలం టేపుతో అంకెలు అంటించుకుని. నేను బోల్టులు బిగిస్తూ వచ్చినవాళ్ళతో వచ్చినట్టు వేళాకోళాలాడాను గాని, వరసలో వెనక పచ్చ రంగు కనపడుతూనే ఉంది.

గార్త్ వంతు వచ్చింది. జోలీన్ ట్రక్కు దగ్గరే నిలబడింది, చేతులు కట్టుకుని. మార్వా నా వెనక కాఫీ తాగుతోంది. గార్త్‌కి నేర్పాల్సింది ఆవిడే.

చక్రాలు చూశాను, గట్టిగా ఉన్నాయి. బ్రేకులు కొత్తవి. బ్యాటరీ పట్టీ సరిగ్గా ఉంది. ఇంజను గదిలో తుడిచిన గుడ్డ మరక కూడా లేదు. అంత శ్రద్ధగా సిద్ధం చేసిన కారు ఆ రోజు ఇంకోటి రాలేదు. ఆ మాట చెప్పాను కూడా.

"థాంక్స్ మామా," అన్నాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు, బెల్టులు బిగించాడు. తర్వాత నాకొక్కడికే వినపడేలా, "ఇవాళ నీ చూపు కాస్త మందంగా ఉంటే బాగుండు," అన్నాడు.

చీపురు కర్ర తెచ్చాను. కమాను మీద ఒక కొస, అద్దం మీద ఒక కొస. దాని కింద గార్త్ హెల్మెట్ ఉంది. నాకు రెండు వేళ్ళ సందు కనపడుతోంది. వరసలో వెనకున్నవాళ్ళకి కూడా కనపడుతోంది. నేను పో అంటే ఎవరూ ఏమీ అనరు.

బెల్టు వంక చూశాను. పొట్ట మీద ఉంది.

"నడుము వెనక్కి పెట్టు గార్త్," అన్నాను.

అల్లుడూ అనకుండా పేరు పెట్టి పిలవడం అతనూ గమనించాడు.

"నేనిలాగే తోలతా."

"తోలవు. మొదటి మలుపులో బ్రేకు తొక్కగానే కాళ్ళు తన్నిపెట్టి పైకి లేస్తావు. అందరూ లేస్తారు. వెనక్కి పెట్టు."

గార్త్ రెండు చేతులూ నేలకి ఆన్చి, నడుము వెనక్కి జరుపుకున్నాడు. హెల్మెట్ పైకి వచ్చింది. కర్రని తాకింది. ఇంకా వచ్చింది. కర్ర కొస అద్దం మీంచి లేచి, పక్కకి జారి, కారు ముక్కు మీద పడి కింద దొర్లింది.

దాన్ని ఎవరూ తీయలేదు. నేనే వంగి తీశాను. ముసలి నడుముతో వంగడానికి కొంతసేపు పట్టింది, అదే మేలైంది.

"లేదు," అన్నాను.

మార్వా కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. "నేనైనా ఎక్కనయ్యా గార్త్ దీంట్లో నీ పక్కన," అంది. ఆవిడ గొంతు అంత మెత్తగా ఉంటుందని నేనెరగను.

గార్త్ బెల్టులు విప్పుకుని, హెల్మెట్ కారులో పెట్టి, పాత రన్‌వే చివరిదాకా నడిచిపోయాడు. అక్కడ చేను అంచున నిలబడ్డాడు. మొక్కజొన్న అతని భుజం దాకా ఉంది. జోలీన్ నా వైపు రాలేదు. అతని వైపూ పోలేదు. ట్రక్కు తలుపుకి ఆనుకుని నేల చూసింది.

తక్కిన కార్లన్నీ నేను చూశాను. ఒక్క వేళాకోళం కూడా ఆడలేదని తర్వాత మార్వా చెప్పింది.

మధ్యాహ్నం భోజనాల వేళ మా ట్రాక్‌లో ఒక అలవాటుంది. తిన్నవాళ్ళు పెళ్ళాం పిల్లల్ని, కుక్కల్ని ఎక్కించుకుని, ఒక పెద్ద కారు ముందు నడుస్తుంటే దాని వెనక మెల్లగా ఊరేగుతారు. దానికి హెల్మెట్ అక్కర్లేదు, కర్రా అక్కర్లేదు. ఆ వేగానికి ఆవు కూడా దాటిపోతుంది. మార్వా వెళ్ళి గార్త్‌ని భుజం పట్టి తీసుకొచ్చింది. ఏం చెప్పిందో తెలీదు.

పచ్చ కారు ఊరేగింపులో చివర పోయింది. జోలీన్ పక్కన కూచుంది. నా ముందు నుంచి పోయినప్పుడు గార్త్ తల అద్దం మీదుగా నిటారుగా ఉంది, గాలి అతని జుట్టుని కదిపేంత వేగం కూడా లేదు. అతను మలుపుల్ని చూస్తున్నాడు. బల్ల మీద గీసిన ప్రతి మలుపూ సరిగ్గా ఎక్కడ తిరగాలో అక్కడే తిరిగాడు, శవయాత్ర వేగంతో. నేను చూడలేక నీళ్ళ సీసాలు సర్దుకున్నాను.

పొద్దు వాలుతుండగా అతను నా షెడ్డు దగ్గరికి వచ్చాడు. చేతిలో హెల్మెట్ ఉంది. ముసలమ్మ కారు పైకప్పు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ఇది దేనికి కొన్నావు మామా, నిజం చెప్పు."

"చర్చికి పోవడానికి."

"నువ్వు చర్చికి పోయి ఎన్నేళ్ళైంది?"

"కారు లేకే కదా పోలేదు."

అతని మూతి కదిలింది, నవ్వు దాకా రాలేదు. కారు అద్దాలు నాలుగూ దించి ఉన్నాయి. ట్రాక్ మీదికి వచ్చే ఏ కారైనా ముందు తలుపుల అద్దాలు దించే ఉండాలన్నది మా నియమం, వెనకవి కూడా నేనే దించాను. అతను తలుపు తీశాడు. సీటు చివరిదాకా వెనక్కి తోశాడు. కూచున్నాడు, ఒక కాలు బయటే పెట్టుకుని. హెల్మెట్ పెట్టుకున్నాడు. నడుము వెనక్కి, వీపు నిటారుగా, తలకీ కప్పుకీ మధ్య నా అరచెయ్యి దూరేంత చోటు.

"అమ్మేస్తాలే దీన్ని, నీకు సీటు బాలేదన్నావు కదా," అన్నాను.

"సీటు బానే ఉంది," అన్నాడు.

కాలు లోపలికి తీసుకున్నాడు. తలుపు తనే వేసుకున్నాడు. హెల్మెట్ లోపలి నుంచి ఊపిరి వినపడుతోంది, కొలిమి తిత్తిలా.

"మామా, మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. బడి సంగతి చెప్పు."

అతనికి పెళ్ళైన నాటి నుంచీ కంఠతా వచ్చిన కథ అది. కిటికీ మీద మోచేతులాన్చి మొదలుపెట్టాను. పంతులమ్మ గంట కొట్టింది, గాలి వచ్చింది, బడి లేచింది. బల్లలు లేచాయి. నేను కిటికీలోంచి చూస్తే కింద మా నాన్న పొలం దున్నుతూ టోపీ తీసి చెయ్యి ఊపాడు. ఎక్కాలు గోడ మీది నల్లబల్ల నుంచి ఒక్కొక్కటీ రాలిపోతుంటే పంతులమ్మ గౌను చెరగులో పట్టుకుంటోంది. ఐదో ఎక్కం పట్టింది, ఆరోది పట్టింది. గార్త్ చేతులు స్టీరింగు మీద తెల్లబడ్డాయి. ఏడోది.

తలుపు నన్ను తోసుకుంటూ తెరుచుకుంది. అతను బయటపడి, హెల్మెట్ లాగేసి, మోకాళ్ళ మీద చేతులాన్చుకుని నిలబడ్డాడు. గడ్డి మీద కూలబడ్డాడు. నేను పక్కన కూచున్నాను, లేవడం నాకెంత కష్టమో తెలిసి కూడా.

ఆఖరి కార్లు ట్రాక్ దిగి వస్తున్నాయి.

"ఇవాళ కాదు," అన్నాడు.

"ఇవాళ కాదులే."

"ఇంకెప్పుడూ కాకపోవచ్చు మామా."

హెల్మెట్ అందుకుని దానికంటిన గడ్డి దులిపాను.

పచ్చ కారుని ట్రాలీకెక్కించి వాళ్ళు ముందు పోయారు. నేను ముసలమ్మ కారులో వెనకే పోయి, వాళ్ళింటి ముందు ఆపి, బ్యాటరీ అయిపోయిందని చెప్పాను. మార్వా వెనకాలే వచ్చి నన్ను ఇంటి దగ్గర దింపింది. అంతదూరం శుభ్రంగా నడిచి వచ్చిన కారు గడప ముందు ఎలా చచ్చిందని ఎవరూ అడగలేదు. జోలీన్ తాళం చెవి తీసుకుని నా ముఖంలోకి చూసింది. పొద్దున్నుంచీ అదే మొదటిసారి చూడటం.

మర్నాడు ఫోన్ చేసింది.

"వరండాలో పడుకున్నాడు," అంది.

"మరి కారు?" అన్నాను.

"పచ్చ కారు మీద తార్పాలిన్ కప్పేశాడు. అమ్మేస్తానన్నాడు. ఇంకేం మాట్లాడలేదు." కిటికీ దగ్గరికి నడిచిన చప్పుడు వినపడింది. "ఇప్పుడు నీ కారులో కూచుని ఉన్నాడు నాన్నా. అద్దాలన్నీ దించాడు. ఒక కాలు బయట పెట్టుకుని కాఫీ తాగుతున్నాడు. చాలాసేపైంది. నేనేం చెయ్యను?"

"ఏమీ చెయ్యకు," అన్నాను. "కాఫీ అయిపోతే ఇంకాస్త పొయ్యి. తలుపు వెయ్యమని మాత్రం అనకు."